గౌరామి బతికేది నీటి పైభాగంలో

ప్రశ్న: మాది కరీంనగర్. మా అబ్బాయి పట్టుబట్టడంతో మూడు నెలల కిందట రెండడుగుల చేపల తొట్టి కొన్నాం. అడుగున గులకరాళ్లు వేసి వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్ మొక్కలు నాటాం. నీలం, ఎరుపు చారలున్న గౌరామీలు రెండు, జత అని చెబితే తెచ్చాం. ఒకటి రెండోదాన్ని రోజంతా తరిమేది. రెక్కలు చినిగిపోయి అది పదకొండో రోజున చనిపోయింది. మిగిలినది రంగు తగ్గి, పొట్ట ఉబ్బి, ఒక మూలన నిలబడి, నెల తిరగకుండానే పోయింది. శుభ్రతలో ఏ లోపమూ చేయలేదు. ప్రతి ఆదివారం నీళ్లన్నీ తోడేసి, రాళ్లూ ఫిల్టర్ స్పాంజూ కుళాయి కింద కడిగి, కొత్త నీళ్లు పోసేవాళ్లం. మాది బోరు నీరు. దుకాణదారు ఇంకో జత తీసుకెళ్లమంటున్నారు. మావారు టైగర్ బార్బ్‌లు గట్టివి, అవి తెద్దామంటున్నారు. నిలవ నీళ్లలో దోమలు పుడతాయి, అసలు తొట్టే వద్దని మా అత్తగారి మాట. మా అబ్బాయికి మాత్రం మళ్లీ గౌరామీలే కావాలి. చిన్నవి, గొడవ పడనివి, మొక్కల మధ్య హాయిగా బతికేవి ఉన్నాయా?

— ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: ఉన్నాయి. మీ తొట్టికి చక్కగా సరిపోయేవి, మన దేశపు నీళ్లలోనే పుట్టినవి ఉన్నాయి. వాటి పేరు హనీ గౌరామి. అయితే వాటి సంగతి చెప్పేముందు, పోయిన రెండు చేపలకు ఏమైందో చూద్దాం. అది తెలియకుండా అదే తొట్టిలో ఏ చేపను వదిలినా మీ అబ్బాయి మళ్లీ ఏడవాల్సి వస్తుంది.

మీరు చెప్పిన రంగులను బట్టి అవి డ్వార్ఫ్ గౌరామీలు. జత అన్నారు గానీ రెండూ మగవే. ఈ జాతిలో నీలం, ఎరుపు చారలు మగవాటికే ఉంటాయి. ఆడది వెలిసిన వెండి రంగులో ఉంటుంది. కొనేవాళ్లకు అది నచ్చదు కాబట్టి చాలా దుకాణాలు ఆడవాటిని తెప్పించవు. దుకాణంలో ఇరవై ముప్ఫై మగవి ఒకే తొట్టిలో కిక్కిరిసి ఉన్నంతసేపు ఏ ఒక్కదానికీ సొంత చోటు దొరకదు, అందుకని పెద్దగా కొట్లాడుకోవు. రెండింటినే తెచ్చి రెండడుగుల తొట్టిలో వదిలితే, బలమైనది తొట్టి మొత్తం తనదే అనుకుంటుంది. చెరువులో అయితే ఓడిన చేప పక్కకు వెళ్లిపోతుంది. మీ తొట్టిలో దానికి వెళ్లే దారి లేదు.

రెండోది పోవడానికి ఆదివారం కడుగుడు ప్రధాన కారణమని నా నమ్మకం. దయచేసి దీన్ని నిందగా తీసుకోకండి. మన ఇళ్లలో శుభ్రం అంటే తోమి కడగడమే. బిందెను, గంగాళాన్ని చూసుకున్నట్టే చేపల తొట్టినీ చూసుకుంటాం. కానీ చేప మొప్పల నుంచి, దాని మలం నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కొద్ది మోతాదులో పెద్దగా హాని చేయదు, మొక్కలకు ఎరువు కూడా అవుతుంది. ఈ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు. స్పాంజ్ రంధ్రాల్లో, రాళ్ల మీద జిగురు పొరలా అంటుకుని ఉంటుంది. కొత్త తొట్టిలో అది నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు దాన్ని ప్రతి ఏడో రోజూ క్లోరిన్ ఉన్నా లేకున్నా కుళాయి కింద కడిగేశారు. అంటే ఆ చేప బతికిన నెలంతా తొట్టి కొత్తగానే ఉండిపోయింది. పైగా మన వైపు బోరు నీటికి తరచు పీహెచ్, అంటే క్షారగుణాన్ని చెప్పే కొలత, ఎక్కువ ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషగుణం పెరుగుతుంది.

ఇంకో అనుమానం కూడా మనసులో ఉంచుకోండి. రంగు తగ్గడం, తినకపోవడం, పొట్ట ఉబ్బడం డ్వార్ఫ్ గౌరామీలకు వచ్చే ఒక ఇరిడోవైరస్ జబ్బు లక్షణాలు. దానికి మందు లేదు. పెంపకం కేంద్రాల్లో కిక్కిరిసి పెరిగిన చేపల్లో వ్యాపించి, అక్కడి నుంచి దేశదేశాలకు వెళ్లింది. 2003లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ముర్రే కాడ్ అనే చేప పిల్లలు పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడు, వాటిలో దొరికిన వైరస్ అలంకార గౌరామీలలోని వైరస్‌కు దాదాపు ఒకటే అన్నంత దగ్గరగా ఉందని అక్కడి పరిశోధకులు తేల్చారు. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు డ్వార్ఫ్ గౌరామిని నేను సూచించను. అందమైన చేప, నాకూ ఇష్టమే. అయినా వద్దు. దుకాణదారు ఇవ్వజూపుతున్న రెండో జతను కూడా తీసుకోకండి.

ఇక హనీ గౌరామి. పెద్దదైనా నాలుగైదు సెంటీమీటర్లు దాటడం అరుదు, అంటే మీ చిటికెన వేలంత. అస్సాం, ఉత్తర బెంగాల్, బంగ్లాదేశ్ ప్రాంతాల్లో మెల్లగా పారే కాలువల్లో, వాన నీరు నిలిచే మడుగుల్లో, దట్టమైన నాచు మధ్య బతుకుతుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడిగా ఉన్న ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా పరీవాహకంలోని చేపల మీద రాసి 1822లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని మొదట వర్ణించాడు. మగదీ ఆడదీ ఎంత వేరుగా ఉంటాయంటే, ఆయన వాటిని రెండు వేర్వేరు జాతులనుకుని చునా అని ఒకదానికి, సోటా అని ఇంకోదానికి పేరు పెట్టాడు. తర్వాతివాళ్లు ఆ రెండూ ఒకటేనని సరిచేశారు. ఇప్పుడు శాస్త్రీయ నామం ట్రైకోగాస్టర్ చునా.

దుకాణంలో చూస్తే మాత్రం మీరు నిరాశ పడతారు. అక్కడ వెలుతురు ఎక్కువ, దాక్కునే చోటు తక్కువ. భయంతో పాలిపోయి, నీళ్లు కలిపిన టీ రంగులో, ఒంటి మీద గోధుమ రంగు గీతతో కనిపిస్తాయి. పక్క తొట్టిలో మెరిసిపోయే చేపలను వదిలి వీటిని ఎవరు కొంటారు అనిపిస్తుంది. ఇంటికి తెచ్చి, మొక్కల మధ్య వదిలి, మూడు వారాలు ఆగండి. మగదాని ఒళ్లు పసుపు కలిపిన తేనె రంగుకు తిరుగుతుంది. జత కట్టే రోజుల్లో ముఖం, గొంతు, పొట్ట కింది భాగం సిరా పూసినట్టు నల్లబడతాయి. కాటుక నలుపు, తేనె పసుపు, వెన్ను మీది రెక్క అంచున నిమ్మపండు రంగు గీత. ఆ చేప ఈ చేప ఒకటేనా అని నేను చాలాసార్లు తొట్టి ముందు కూర్చుని ఆశ్చర్యపోయాను.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. సన్‌సెట్ హనీ అని, రెడ్ హనీ అని అమ్మేవాటిలో కొన్ని నిజానికి థిక్‌లిప్ గౌరామీలు. మంచి చేపలే, కానీ ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు పెరుగుతాయి, పెదవులు లావుగా ఉంటాయి. చిన్న మూతి, సన్నటి ముఖం ఉన్నవి చూసి తీసుకోండి. బ్లూ గౌరామి, గోల్డ్ గౌరామి, ఓపలిన్ గౌరామి అని మూడు పేర్లతో అమ్మేది ఒకే జాతి. అరచేతి పొడవు పెరుగుతుంది, కోపిష్ఠి. ముద్దు గౌరామి అడుగు దాకా పెరగగలదు. జెయింట్ గౌరామి పిల్లను ముచ్చటపడి తెస్తే అది రెండడుగులు పెరుగుతుంది, మీ తొట్టి దానికి పొడవులోనే చాలదు. పెర్ల్ గౌరామి శాంతమైనదే గానీ దానికి కనీసం మూడు, నాలుగడుగుల తొట్టి కావాలి. స్పార్క్లింగ్ గౌరామి అని ఒక బుల్లి చేప ఉంది, మూడున్నర నాలుగు సెంటీమీటర్లే. రాత్రి గది నిశ్శబ్దంగా ఉంటే దాని కిర్రుమనే చప్పుడు బయటికి వినిపిస్తుంది. ఛాతీ రెక్కల స్నాయువులను వీణ తీగల్లా మీటి ఆ శబ్దం చేస్తుంది. మన వైపు దుకాణాల్లో అరుదు. ఎప్పుడైనా దొరికితే వదులుకోకండి, కానీ దానికోసం ఎదురుచూడకండి.

ఇప్పుడు అసలు మాట. మీ ఉత్తరంలో రాళ్ల గురించి, అడుగున నాటిన మొక్కల గురించి రాశారు. నీటి పైభాగం గురించి ఒక్క మాట లేదు. చేపల తొట్టి సర్దేటప్పుడు మన కళ్లు అడుగునే చూస్తాయి. గౌరామి బతికేది పైన. ఆ పై నాలుగంగుళాలు కుదిరితే మిగతాది చాలావరకు దానంతట అదే కుదురుతుంది.

చేపల మార్కెట్లో కొరమీనును చూసే ఉంటారు. బేసిన్‌లో అరచేతి లోతు నీళ్లు పోసినా గంటల తరబడి బతికే ఉంటుంది. బొచ్చె, రవ్వ అలా బతకలేవు. కొరమీను మూతి పైకి పెట్టి గాలి మింగుతుంది. గౌరామిదీ ఆ కోవే. మొప్పల పైన మడతలు మడతలుగా, రక్తనాళాలతో నిండిన ఒక గది ఉంటుంది. లాబిరింత్ అంటారు. ఎండాకాలం మడుగుల్లో నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ గదిలోకి తీసుకున్న గాలే దానికి ఆధారం. ఈ అలవాటు ఎంత ముదిరిపోయిందంటే, నీళ్లలో ప్రాణవాయువు ఉన్నా పైకి రావడం దానికి తప్పనిసరి. రానివ్వకపోతే చేప అయి ఉండి కూడా ఊపిరాడక చనిపోతుంది.

కాబట్టి తొట్టి అంచుదాకా నీళ్లు పోయకండి. పైన రెండంగుళాలు ఖాళీ వదలండి, అద్దం మూత పెట్టండి. మూత రెండు పనులు చేస్తుంది. బెదిరినప్పుడు చేప దూకి బయట పడకుండా ఆపుతుంది, నీటికి మూతకు మధ్య గాలిని వెచ్చగా, తేమగా ఉంచుతుంది. గాలి ఆడటానికి ఒక పక్క సన్నటి సందు ఉంటే చాలు. మీ ఫిల్టర్ వెనక గోడకు తగిలించి జలపాతంలా నీళ్లు పోసేది అయితే, దాన్ని మార్చడం మేలు. మడుగులో పెరిగే చేపకు ఆ హోరు నిత్యం గాలివానలో కూర్చున్నట్టు ఉంటుంది. చిన్న గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చవక, నెమ్మది, మీ తొట్టికి సరిపోతుంది. పంపు నుంచి వచ్చే గాలిని చిన్న వాల్వుతో తగ్గించుకోండి. పైన నీరు వణకాలి, ఎగరకూడదు.

తర్వాత తేలే మొక్కలు. సాల్వినియా మంచిది. మన చెరువుల్లో కనిపించే అంతరతామర కూడా బాగుంటుంది, దాని వేళ్లు జుట్టులా కిందికి వేలాడుతుంటే గౌరామీలు వాటి మధ్య దూరి తిరుగుతాయి. చెరువు నుంచి తెచ్చినదైతే బకెట్లో రెండు మూడు వారాలు విడిగా ఉంచి, నీళ్లు మారుస్తూ, జలగలు, పురుగులు లేవని నిర్ధారించుకున్నాకే వేయండి. గుర్రపుడెక్క మాత్రం వద్దు, ఇంటి తొట్టికి అది చాలా పెద్దది. తేలే మొక్కలు నీటి ఉపరితలంలో సగం కప్పితే చాలు. పూర్తిగా కప్పేస్తే కింది మొక్కలకు వెలుతురు అందదు, కాబట్టి వారానికోసారి గుప్పెడు తీసేయండి. తలపైన ఆకు నీడ ఉందని తెలిసిన గౌరామి ధైర్యంగా ముందుకొస్తుంది. తలపైన అంతా ఖాళీగా ఉంటే కొంగ భయం దాని రక్తంలోనే ఉంది, మూలన నక్కుతుంది. పిరికి గౌరామీలున్న తొట్టికి నేను మొదట చేసే వైద్యం ఇదే, పైన ఆకులు వేయడం.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి. నిలవ నీళ్లలో దోమ గుడ్లు పెడుతుందన్నది నిజమే. అయితే గౌరామీ మూతి పైకి తిరిగి ఉంటుంది, నీటి పైన వేలాడే దోమ పిల్లలంటే దానికి పండగ. చేపలున్న తొట్టిలో దోమ పిల్ల పెద్దయ్యేదాకా మిగలదు. కొత్త చేపలు తెచ్చేముందు తొట్టిని ఖాళీగా నడపాల్సిన నాలుగారు వారాలు మాత్రం మూత సందుకు సన్నటి దోమతెర ముక్క అంటించండి. ఆ విషయంలో ఆవిడ చెప్పిందే సరైనది.

నీటి సంగతికి వస్తే, మీ గీజర్‌లో, బకెట్ల అంచుల్లో తెల్లటి పొర కడుతోందా? కడితే నీరు బాగా కఠినమైనదని అర్థం. హనీ గౌరామీ మెత్తటి నీటి నుంచి మధ్యస్థ కాఠిన్యం దాకా, పీహెచ్ 6 నుంచి 7.5 దాకా హాయిగా ఉంటుంది. ఇంట్లో లవణాలను తీసేసే (ఆర్‌ఓ) నీటి శుద్ధి యంత్రం ఉంటే ఆ నీళ్లు ఒక బకెట్, బోరు నీళ్లు ఒక బకెట్ కలిపి వాడండి. యంత్రం పక్క గొట్టం నుంచి వృథాగా పోయే నీటిని మాత్రం ముట్టుకోకండి, వదిలేసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి. ఇప్పుడు వానాకాలమే కాబట్టి, డాబాను రెండు వానలు కడిగాక మూడో వాన నీళ్లు శుభ్రమైన డ్రమ్ములో పట్టుకుంటే అంతకన్నా మంచిది లేదు. మునిసిపల్ నీళ్లు వాడాల్సి వస్తే క్లోరిన్ విరిచే చుక్కల మందు వేయడం మర్చిపోకండి.

నాటు బాదం చెట్టు మీ వీధిలోనో, మీ బడిలోనో ఉండే ఉంటుంది. తనంతట తాను ఎండి రాలిన గోధుమ రంగు ఆకు ఒకటి తెచ్చి, కడిగి, తొట్టిలో వేయండి. రెండు మూడు రోజుల్లో నీళ్లు పలచటి టీ రంగుకు మారతాయి. ఆ రంగు మురికి కాదు, ఆకులోని టానిన్లు. ఈ చేపలు పుట్టిన మడుగుల్లో నీళ్లు అలాగే ఉంటాయి. నెలకోసారి ఆకు మారిస్తే చాలు. మందు కొట్టిన తోటల్లో, వాహనాల రద్దీ ఉన్న రోడ్ల పక్కన ఏరకండి.

ఆదివారం పనిని మానక్కర్లేదు, మార్చుకోవాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో లెక్కకు 56 లీటర్లు పట్టినా, రాళ్లు, పైన ఖాళీ పోను మీ దగ్గర ఉన్నవి 45 లీటర్లు అనుకోండి. వారానికి పది లీటర్లు గొట్టంతో తీసి, అంతే కొత్త నీళ్లు మెల్లగా పోయండి. తీసిన ఆ పాత నీళ్లలోనే నెలకోసారి స్పాంజ్‌ను రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. స్పాంజ్ తెల్లగా మెరవాల్సిన అవసరం లేదు, గోధుమ రంగులోనే ఉండనివ్వండి. రాళ్లను బయటికి తీయకండి. మీ స్వోర్డ్ మొక్క వేళ్లు ఆ రాళ్ల కింద చాలా దూరం పాకుతాయి, ప్రతి వారం పీకితే అది ఎప్పటికీ కోలుకోదు. వాలిస్నేరియా కూడా అంతే. ఒకసారి కుదురుకుంటే పక్కకు తీగలు పాకి, పిల్లలు పెట్టి, రెండు మూడు నెలల్లో వెనక గోడంతా పచ్చటి తెర కడుతుంది. స్వోర్డ్ వేళ్ల దగ్గర ఎరువు బిళ్ల ఒకటి గుచ్చండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు, ఖరీదైన లైట్లు అక్కర్లేదు. రోజుకు ఏడు గంటల వెలుతురు చాలు. ఎక్కువైతే నాచు పడుతుంది. జావా ఫెర్న్ ఒకటి తెచ్చి కర్రముక్కకు దారంతో కట్టండి, మట్టిలో పూడ్చకండి, పూడిస్తే దాని కాండం కుళ్లుతుంది.

వేడి మాటకు వస్తే, ఈ చేప మన ఎండలకు భయపడదు. మే నెలలో నీరు 31, 32 డిగ్రీలకు చేరితే మూత తీసి వల పరిచి, నీటి మీదుగా ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు శుద్ధి యంత్రం నీళ్లే పోయండి. బోరు నీళ్లు పోస్తూ పోతే లవణాలు పేరుకుపోతాయి. దాన్ని ఇబ్బంది పెట్టేది డిసెంబరు, జనవరి రాత్రుల చలి. 22 డిగ్రీల కిందికి పోకుండా 50 వాట్ల హీటర్ ఒకటి పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు గౌరామీలు పై గాలితో నెట్టుకొస్తాయి, తోటి చేపలు అలా నెట్టుకురాలేవు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఇంట్లో ఉంచుకోండి.

తోటి చేపల విషయంలో మీవారికి చెప్పండి, టైగర్ బార్బ్‌లు గట్టివే, అందులో సందేహం లేదు. కానీ గౌరామీ పొట్ట కింద దారాల్లాంటి రెండు పొడవాటి రెక్కలుంటాయి. అది వాటితోనే తడిమి లోకాన్ని తెలుసుకుంటుంది. ఆకును తడుముతుంది, తోటి చేపను తడుముతుంది, మెల్లగా మచ్చికయ్యాక నీళ్లలో ముంచిన మీ వేలిని కూడా తడిమి చూస్తుంది. టైగర్ బార్బ్ కంటికి ఆ దారాలు కొరకడానికి దొరికిన వానపాములు. ఒక్క రోజులో కత్తిరించేస్తుంది. ఏంజెల్, గోల్డ్‌ఫిష్, ఫైటర్ కూడా వద్దు. ఫైటర్ కూడా ఇలా పై గాలి పీల్చే జాతే, పై చోటు కోసం రెండూ తగవు పడతాయి. మీ తొట్టిలో ఒక మగ, రెండు ఆడ హనీ గౌరామీలు, నడిమి నీళ్లలో ఎనిమిది ఎంబర్ టెట్రాలు లేదా హార్లెక్విన్ రాస్బోరాలు, అంతకు మించి వద్దు. మేత రోజుకు రెండుసార్లు, నలిపి పొడి చేసిన మేత రేకులు (ఫ్లేక్స్) చిటికెడు. వారానికి రెండుసార్లు డాఫ్నియా అనే బుల్లి నీటి పురుగులుగానీ గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్ అనే ఎర్ర పురుగులుగానీ పెట్టండి. బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు అమ్ముతారు, అవి మురుగు కాలువల్లో పెరిగేవి. నేను వాడను.

మీ అబ్బాయికి ఒక విషయం చెప్పాలి. అంతా కుదిరిన మూడో నెలలోనో నాలుగో నెలలోనో ఒక ఉదయం తేలే ఆకు కింద తెల్లటి నురగ కనిపిస్తుంది. సబ్బు నురగ అనుకుని తీసేయనివ్వకండి. అది మగ చేప కట్టే గూడు. నేను మొదటిసారి చూసినప్పుడు కాఫీ చల్లారిపోయిందని కూడా గమనించలేదు. పైకి వచ్చి ఒక గుక్క గాలి తీసుకుంటుంది. ఆకు కిందికి వెళ్లి మూతి పైకెత్తి, ఆవగింజ కన్నా చిన్న బుడగలు నాలుగైదు వదులుతుంది. అంచున ఒక బుడగ జారిపోతే వెనక్కి వెళ్లి దాన్ని నోట్లోకి తీసుకుని మళ్లీ సరిగ్గా అతికిస్తుంది. ఆ పక్కన ఆడది తొంగిచూస్తే పని ఆపి, ఒళ్లు నిలువుగా పెట్టి, నల్లటి గొంతు చూపిస్తుంది. స్పాంజ్ ఫిల్టర్ పెట్టమని, నీరు ఎగరకూడదని అంతగా చెప్పింది ఇందుకే. జలపాతం కింద ఈ గూడు గంట కూడా నిలవదు. గుడ్లు ఒకటి ఒకటిన్నర రోజులో పగులుతాయి. గుడ్లు, పిల్లలు పడిపోతే తండ్రే నోటితో ఏరి గూట్లో పెడుతుంది. ఆ రోజుల్లో ఆడదాన్ని కొంచెం తరుముతుంది, కంగారు పడకండి, మొక్కలు దట్టంగా ఉంటే అది దాక్కుంటుంది. టెట్రాల మధ్య పిల్లలు మిగలడం కష్టం. పిల్లల్ని పెంచాలనే కోరిక పుడితే అది వేరే తొట్టి, వేరే ఉత్తరం.

ఇప్పుడు చేయాల్సిన పని. వల, గొట్టాలు కడిగి ఎండలో బాగా ఎండబెట్టండి. తొట్టిలో మొక్కలు, స్పాంజ్ ఫిల్టర్, బాదం ఆకు పెట్టి, చేపలు లేకుండానే నడపండి. రోజూ చిటికెడు మేత వేయండి, అది కుళ్లి బాక్టీరియాకు ఆహారమవుతుంది. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించే చుక్కల కిట్ ఒకటి కొనండి. మూడు రోజులకోసారి పరీక్ష చేసి నోటుబుక్కులో రాయడం మీ అబ్బాయి పని. మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత అది తగ్గి నైట్రైట్ పెరుగుతుంది, తర్వాత అదీ తగ్గుతుంది. రెండింటికీ వరసగా రెండు వారాలు సున్నా పడితే దుకాణానికి వెళ్లండి. ముందు టెట్రాలు తెచ్చి, మూడు వారాలు ఆగి గౌరామీలు తీసుకోండి. మన దుకాణాలకు ఇవి ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో దూరం ప్రయాణం చేసి వస్తాయి, కాబట్టి దిగిన రోజున కొనకండి. వారం గడిచాక వెళ్లి, మేత వేయించి, తింటున్నవాటిని ఎంచుకోండి. వీలైతే మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బులో, అప్పటికే తొట్టిలో నడిచిన ఒక స్పాంజ్ పెట్టి, మూడు వారాలు విడిగా ఉంచి గమనించండి. ఒక్కటి జబ్బుపడినా తొట్టి మొత్తం మిగులుతుంది.

తొట్టిలోకి వదిలేది సాయంత్రం పూట, లైటు తీసేశాక. సంచిని ఇరవై నిమిషాలు నీటి మీద తేల్చి, పది నిమిషాలకోసారి చిన్న గ్లాసుడు తొట్టి నీళ్లు అందులో పోస్తూ, గంటకు వలతో చేపలను మాత్రమే వదలండి. సంచిలోని నీళ్లు మోరీలో పారబోయండి. ఆ రాత్రి మేత వద్దు. పొద్దున్నే అవి కనిపించకపోతే మీ అబ్బాయిని రాళ్ల మధ్య వెతకవద్దనండి. మోకాళ్ల మీద కూర్చుని, కింది నుంచి పైకి, సాల్వినియా వేళ్ల మధ్య చూడమనండి.